ఇంజిన్ ఆగిందని ఎవరూ అనలేదు

మే 1

మామూలు రోజు. పశువుల ఎస్టేట్లన్నిటికీ విమానంలో ఉత్తరాల సంచులు ఇచ్చి, తిరుగుప్రయాణంలో నైన్ మైల్ ఎస్టేట్ నుంచి ఎనిడ్‌ని ఎక్కించుకుని వస్తుంటే మధ్యలో కాసేపు ఇంజిన్ ఆగింది. దిగాం. రాత్రి గొర్రెమాంసం, ఉడకబెట్టిన గుమ్మడికాయ. గుమ్మడికాయ బాగాలేదు.

మే 2

నిన్నటి సంగతి కొంచెం వివరంగా రాయాలేమో. పబ్బులో అడిగారు, పోస్టాఫీసులో అడిగారు, రొట్టెల కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టకుండా ఆపి మరీ అడిగాడు. చెప్పి చెప్పి కథ నున్నగా అయిపోయింది. ఇక్కడ కూడా అదే రాస్తాను.

ఎనిడ్ నా పక్కసీట్లో కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. ఒళ్లో పెద్ద రేకు డబ్బా, అందులో స్పాంజ్ కేకు. మా ఊరు కార్బెట్ క్రాసింగ్‌లో ఉన్న తన స్నేహితురాలికి రుచి చూపించి అభిప్రాయం అడగడానికి తీసుకొస్తోంది. బాతుగుడ్లతో చేసిన స్పాంజ్‌కీ కోడిగుడ్లతో చేసిన స్పాంజ్‌కీ ఎంత తేడా ఉంటుందో చెబుతోంది. నేను వింటున్నాను. కింద ఎర్రమట్టి, ఊరు ఇంకా కనుచూపు మేరలో లేదు.

మార్జరీ ఒకసారి దగ్గింది. మార్జరీ అంటే విమానం. దాని యజమాని, నాకు పని ఇచ్చిన క్లారీ మొదటి భార్య పేరు కూడా అదే. ఆవిడ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిందట. విమానానికి పేరు పెట్టేటప్పుడు మనిషి కాస్త ఆలోచించాలి. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత దగ్గడం కూడా మానేసింది. ఉన్నది ఒకటే ఇంజిన్.

నేను కాసేపు పరిస్థితిని అంచనా వేశాను.

తర్వాత విమానం ముక్కు సర్ది వేగం నిలబెట్టాను. ఎడమవైపు ఎండిన బంకమట్టి నేల కనిపించింది, పళ్లెంలా చదునుగా ఉంది. అటు తిప్పాను. ట్యాంకు మార్చాను, పంపు వేశాను, తాళంచెవి అటూ ఇటూ తిప్పి చూశాను, రేడియోలో చెప్పాను, తలుపు గడియ తీశాను. రెండో ట్యాంకులోంచి పెట్రోలు వచ్చి ఇంజిన్ అందుకునేసరికి చక్రాలు నేలను తాకబోతున్నాయి. అంత కిందికి వచ్చాక మనసు మార్చుకోకూడదని క్లారీ నేర్పాడు. దించేశాను. నేలమీద మార్జరీ ఏమీ ఎరగనట్టు గురుగురులాడుతూ నడిచింది. సిగ్గులేనిది.

ఎనిడ్ ముందు డబ్బా మూత తీసి లోపలికి చూసింది. తర్వాత నన్ను చూసింది. పగల్లేదు అంది. ఏది పగల్లేదందో అడగలేదు.

ట్రక్కులో క్లారీ వచ్చేదాకా రెక్క నీడలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, మార్జరీ కిందికి దూరాడు. ఎడమ ట్యాంకుకు గాలి పోయే సన్నటి గొట్టం ఉంటుంది. అందులో కందిరీగ మట్టిగూడు కట్టేసింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. పొద్దున నేను చూసినప్పుడు గొట్టం శుభ్రంగానే ఉంది. ఎనిడ్ ఇంట్లో మేం భోంచేస్తున్నంతసేపట్లో కట్టేసింది. ఈ దేశంలో ఇంత చురుగ్గా పని చేసేవాళ్లు ఇంకెవరూ లేరు అన్నాడు క్లారీ.

ఎనిడ్ కృతజ్ఞతగా స్పాంజ్ కోసి ఒక ముక్క అతనికిచ్చింది. క్లారీ నమిలాడు. ఆకాశం వంక చూశాడు. "కొంచెం పొడిగా ఉందేమో" అన్నాడు.

ఆ తర్వాత ఎనిడ్ అతనితో మాట్లాడలేదు.

విమానాన్ని క్లారీ తీసుకెళ్లాడు. ఎనిడ్‌ని ఎక్కించుకుని నేను ట్రక్కులో వచ్చాను. ట్రక్కు ఎవరో ఒకరు నడపాలి కదా.

మే 5

ఉత్తరాల రోజు. గాలి ఎక్కువగా ఉందని చెప్పాను. క్లారీ బయటికి వచ్చి వేలు తడిచేసి పైకెత్తాడు. తనే వెళ్లాడు.

సాయంత్రానికి నాలుగు ఎస్టేట్ల నుంచి ఫోన్లు. ఎవరి సంచీ ఎవరికో ఇచ్చి వచ్చాడు. ఒక పెద్దమనిషికి పశువుల మందుల బదులు ఎవరిదో పెళ్లిగౌను వెళ్లింది.

మే 7

పన్ను నొప్పి.

మే 8

మార్జరీని కడిగాను. రెక్కల కింద కూడా. చాలా దుమ్ము ఉంది.

అమ్మ ఫోన్ చేసింది. టూవూంబాలో తను పాఠాలు చెప్పే బడిలోనే లైబ్రరీ ఉద్యోగం ఖాళీగా ఉందట. చరిత్ర డిగ్రీ ఉన్నవాళ్లు కావాలట. నా డిగ్రీ ఎవరికో కావాలని ఇంతవరకూ ఎవరూ అనలేదు, కాబట్టి శ్రద్ధగా విన్నాను. ఇరవైమూడో తారీకు శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలట. విమానాలు నాకు ఒక దశ అని అమ్మ నమ్మకం. గుర్రాలు ఒక దశ, ఫ్రెంచి ఒక దశ, డేమియన్ ఒక దశ. డేమియన్ విషయంలో ఆవిడ అన్నదే నిజమైంది.

సరే అన్నాను. అంటే ఆలోచిస్తానన్నాను. అంటే సరే అన్నాను.

మే 9

చెవి దిబ్బడ. చెవి దిబ్బడగా ఉంటే ఎగరకూడదు. ఇది నిబంధన, నా సొంత కల్పన కాదు.

మార్జరీని మళ్లీ కడిగాను.

మే 11

ఒక సంగతి ఇవాళే గమనించాను. ఎప్పుడో గమనించి ఉండాల్సింది.

క్లారీకి ఒక అలవాటు ఉంది. అతని దగ్గర పనికి చేరినవాళ్లు ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే, "ఇంజిన్ ఆగింది" అంటాడు. అంతే. అన్న మరుక్షణం చేతులు కదలాలి. గాల్లోనే అన్నీ తాకి చూపించాలి: ముక్కు, వేగం, ట్యాంకు, పంపు, తాళంచెవి. ఎక్కడ దిగుతావో చెప్పాలి. పబ్బులో గ్లాసు నోటిదాకా వచ్చాక అంటాడు. చర్చిలో మోకాళ్లమీద ఉన్నప్పుడు అంటాడు. ఒకసారి పంటి డాక్టరు దగ్గర, నా నోరు తెరిచి ఉండగా, బయట బెంచీ మీద నుంచి అన్నాడు. నా చేయి లేచి డాక్టరు కళ్లజోడుకు తగిలింది. వచ్చిన కొత్తలో వీడికి పిచ్చి అనుకున్నాను. తర్వాత నిద్రలో కూడా నా చేతులు కదులుతున్నాయని డేమియన్ చెప్పాడు. అతను వెళ్లిపోవడానికి అది కూడా ఒక కారణం అయివుండచ్చు.

మొదటి తారీకు నుంచి క్లారీ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఇవాళ పబ్బులో నా పక్కనే కూర్చున్నాడు. నేను కావాలని గ్లాసెత్తి చాలాసేపు పట్టుకున్నాను. అతను వర్షాల గురించి మాట్లాడాడు. మా ఊళ్లో వర్షాల గురించి మాట్లాడటానికి ఏముంటుంది.

పోన్లే అని వదిలేస్తున్నాడన్నమాట. మంచి మనిషి. నాకు ఒళ్లు మండింది.

మే 12

ఎనిడ్ ఫోన్ చేసింది. ఇరవై నాలుగున కెల్సీ అనే ఊళ్లో వార్షిక వ్యవసాయ ప్రదర్శన. అక్కడి స్పాంజ్ పోటీలో ప్రతి ఏడూ బెరిల్ అనే ఆవిడకు మొదటి బహుమతి, ఎనిడ్‌కు రెండోది. ముందురోజే నేను వచ్చి తనని, తన స్పాంజ్‌నీ తీసుకెళ్లాలట. రోడ్డు మీద వెళితే నేల అంతా అలలు అలలుగా ఉంటుంది. ట్రక్కులో ఆ దారిన వెళితే మనుషుల పళ్లే కదులుతాయి. స్పాంజ్ కెల్సీ చేరేసరికి జావ అవుతుంది.

క్లారీ తీసుకెళతాడు అన్నాను.

"ఎవరా మనిషి?" అంది ఎనిడ్.

మే 13

ఎనిడ్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెప్పమని క్లారీని బతిమాలాను. చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. "ఎనిడ్, ఆ రోజు నా నోరు ఎండిపోయి ఉంది, అందుకని కేకు..." అన్నాడు. అటువైపు పెట్టేసింది. క్లారీ ఫోను వంక చూసి, "మార్జరీ కూడా ఇలాగే పెట్టేసేది" అన్నాడు. ఏ మార్జరీయో తెలియలేదు.

మే 15

ఎనిడ్‌కు ఎదురుగా కుదరదని చెప్పి రావడం మర్యాద కాబట్టి ట్రక్కులో నైన్ మైల్‌కి వెళ్లాను. పేరుకే తొమ్మిది మైళ్లు. విమానంలో వెళ్లి ఉంటే పొద్దున బయల్దేరి పొద్దున్నే చేరేదాన్ని. పొద్దున బయల్దేరి మధ్యాహ్నం చేరాను. దారంతా నా పళ్లు టకటకలాడాయి. ఎనిడ్ చెప్పింది నిజమే.

వంటింట్లో సగం సామాను పెట్టెల్లోకి ఎక్కేసింది. ఎస్టేట్ అమ్మేశారు. ఎనిడ్, ఆవిడ భర్త కెన్ వచ్చే నెలలో సముద్రపు ఒడ్డున చిన్న ఇంటికి మారిపోతున్నారు. కెన్ అప్పుడే చేపలు పట్టే టోపీ కొనుక్కుని ఇంట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. పొయ్యి మాత్రం ఇంటితోపాటే పోతుందట. కట్టెల పొయ్యి, ఎనిడ్ పెళ్లై వచ్చినప్పటినుంచీ ఉన్నది. దాని ఎడమ మూల ఎంత వేడెక్కుతుందో ఆవిడకు అరచేతితో తెలుసు. కొత్త ఇంట్లో గాజుపలకలాంటి కరెంటు పొయ్యి ఉంది. దానితో స్పాంజ్ చేయడం కంటే బెరిల్‌కి ఉత్తరం రాసి ఓటమి ఒప్పుకోవడం నయం అంది.

అంటే ఇదే ఆఖరు ఏడు. టీ పోసింది.

నేను దారంతా బట్టీ పట్టిన ఉపన్యాసం మొదలుపెట్టాను. చెవి, పన్ను, ఈ కాలంలో మధ్యాహ్నపు గాలి, టూవూంబాలో ఉద్యోగం.

"పన్నా, చెవా?" అంది ఎనిడ్. "ఏదో ఒకటి ఖాయం చేసుకో తల్లీ."

నేను మాట మార్చడానికి, మీరు ఊరంతా నేను ఎంతో నిబ్బరంగా ఉన్నానని చెబుతున్నారట, థాంక్స్ అన్నాను.

"నిబ్బరంగానే ఉన్నావు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నావు."

"పరిస్థితిని అంచనా వేస్తున్నాను, ఎనిడ్."

"నేను ఇటు చూశాను, అటు చూశాను. చాలాసేపు చూశాను. ఈ పిల్లకి తెలియలేదేమో అనుకుని, 'ఇంజిన్ ఆగినట్టుందమ్మా' అన్నాను. అప్పుడు లేచాయి నీ చేతులు. ఇంక చూడాలి, పియానో వాయించినట్టు వాయించావు."

కెన్ టోపీ సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. తెలివైనవాడు.

మే 15, మళ్లీ

ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

ఇంజిన్ ఆగింది. ఆగిందని నాకు తెలుసు. చెవులతో తెలుసు, వెన్నుతో తెలుసు. చేతులు కదల్లేదు. భయంతో కాదు. భయం తర్వాత వచ్చింది, రోడ్డు మీద ట్రక్కులో. ఆ కాసేపూ నేను ఎదురుచూస్తున్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు అంటారు కదా. ఆ మాట వినగానే కదులుతాయి నా చేతులు. ఎవరూ అనలేదు. విమానంలో క్లారీ లేడు. నేను మర్యాదగా, క్యూలో నిలబడ్డట్టు, ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆ కాసేపట్లో పోయిన ఎత్తు మిగిలి ఉంటే ఇంజిన్ పైనే అందుకునేది. బంకమట్టిలో దిగాల్సిన పనే ఉండేది కాదు.

అంచనా వేయలేదు.

ఎనిడ్‌తో కూడా అదే అన్నాను, వేరే మాటల్లో. ఆవిడ టీ గిన్నె కడుగుతూ విని, "అంతేనా," అంది. "అయితే నేనంటాను. నువ్వు నడుపు, ఆగితే నేనంటాను. నాకు పనేముంది, డబ్బా పట్టుకుని కూర్చోవడమే కదా."

వస్తానని ఎలా అన్నానో తెలియదు. రోడ్డు మీద తిరిగి వెళ్లాలన్న భయంతో అని ఉంటాను.

మే 17

హ్యాంగర్ షెడ్డులో మార్జరీలో కూర్చుని కళ్లు మూసుకుని ఆ మాట నాకు నేనే అనుకున్నాను. చేతులు నమ్మలేదు. గట్టిగా అన్నాను. కొంచెం కదిలి ఆగిపోయాయి, ఎవరో పక్కింటావిడ పిలిచినట్టు. ఫోనులో నా గొంతే రికార్డు చేసి వినిపించుకున్నాను. నా గొంతు ఇంత సన్నగా ఉంటుందా? ఈ గొంతుతో చెబితే ఏ ఇంజినూ ఆగదు.

క్లారీ తలుపు దగ్గర నిలబడి ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు. మార్జరీని మళ్లీ కడుగుతున్నావా అని అడిగాడు. అవునన్నాను. లోపల కూర్చునా అన్నాడు.

మే 19

ఎగిరాను. క్లారీని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ తిరిగాం, దిగాం, మళ్లీ ఎగిరాం. క్లారీ కిటికీలోంచి కింద ఎవరి గొర్రెలో లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ మాట అనలేదు. అడగాలనిపించింది, అడగలేదు. ఇలాంటిది అడిగి అనిపించుకుంటే ఏం ప్రయోజనం.

దిగాక, శుక్రవారం నువ్వు ఎనిడ్‌ని తీసుకెళతావు, నేను ట్రక్కులో కెల్సీ వస్తాను, దుంగలు నరికే గొడ్డళ్ల పోటీ చూడాలి అన్నాడు. క్లారీ గొడ్డళ్ల పోటీకి వెళ్లడం ఈ మధ్యకాలంలో ఎవరూ చూడలేదు.

మే 21

గాలి గొట్టాలకు మూతలు కుట్టాను, ఎర్రబట్టతో, పొడవాటి తోకలతో. ఎగిరే ముందు తీయడం మరిచిపోకూడదు. లేదంటే కందిరీగ చేసిన పని నేనే చేసినట్టవుతుంది.

అమ్మ: బడివాళ్లు చాలా ఆసక్తిగా ఉన్నారు. నేను: నేనూ చాలా ఆసక్తిగా ఉన్నాను. ఎందులోనో ఆవిడ అడగలేదు.

మే 23

రాయాల్సింది చాలా ఉంది. కెల్సీ పబ్బు పైగదిలో కూర్చుని రాస్తున్నాను. కింద ఎవరో బెరిల్ గెలుపు కోరుతూ తాగుతున్నారు. ఎనిడ్ పక్కగదిలో ఉంది. గోడకు చెవి ఆనించి వింటూ ఉంటుంది.

పొద్దున నైన్ మైల్‌లో దిగాను. టీ కూడా తాగలేదు. మార్జరీ పక్కనుంచి కదల్లేదు. ఎర్రతోకల మూతలు వేశాను, తీశాను, లోపలికి టార్చి వేసి చూశాను, మళ్లీ వేశాను, మళ్లీ తీశాను. కెన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఎవరినో సాగనంపుతున్నట్టు చూశాడు. టోపీ పెట్టుకోమని చెప్పాను.

ఎనిడ్ స్పాంజ్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని నడిచొచ్చింది. రాజ్యం మారుతున్నప్పుడు కిరీటాన్ని ఇలాగే మోసేవారని చదివాను. డిగ్రీ వృథా కాలేదు. సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే తన మీద కాదు, డబ్బా మీద పెట్టమంది. ఇద్దరికీ కలిపి పెట్టాను.

పైకెక్కి సమంగా సాగుతుండగా ఎనిడ్ హఠాత్తుగా, "ఇంజిన్ ఆగింది" అంది.

నా చేతులు లేచాయి. ముక్కు, వేగం. ఇంజిన్ హాయిగా మోగుతోంది.

"సరిగ్గా పనిచేస్తుందో లేదో చూశాను" అంది.

సరే. కాసేపటికి మళ్లీ అంది. నేను నీళ్లు తాగుతున్నాను. నీళ్లు ఒళ్లో పడ్డాయి. ఎనిడ్ ముఖంలో పసిపిల్లల సంతోషం. ఇన్నేళ్లూ పశువులనీ కెన్‌నీ కేకలేసి కదిలించిన మనిషికి ఒక్క మాటతో కదిలేది దొరికింది. మళ్లీ అంటే దిగి నడుచుకుంటూ పోతానన్నాను. నిజంగా ఆగితే తప్ప అననని మాటిచ్చింది.

కెల్సీ ఇంకా ఆకాశం అంచు కింద ఎక్కడో ఉంది. అప్పుడు మొదలైంది. ముందు పాదాల కింద సన్నటి వణుకు. తర్వాత సీటు, తర్వాత అద్దాలు, తర్వాత ముందున్న మీటర్ల ముళ్లన్నీ కలిసి వణికాయి. దగ్గు కాదు, ఆగడం కాదు. ట్రక్కులో ఆ రోడ్డు మీద వెళుతున్నట్టే ఉంది, గాల్లో.

నేను ఎనిడ్ వంక చూశాను. ఎనిడ్ డబ్బాను ఒళ్లోంచి పైకి లేపి, మోచేతులు వంచి, గాల్లో పట్టుకుంది. వణుకు ఒంట్లోనే ఆగిపోవాలి, డబ్బాకు చేరకూడదు. కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. నోరు గట్టిగా మూసుకుంది.

నేను ఎదురుచూశాను. మళ్లీ ఎదురుచూస్తున్నాను. అది తెలుస్తూనే ఉంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి, తడిసిన ప్యాంటు మీద. ఈవిడ అంటుంది, మాటిచ్చింది కదా.

ఎనిడ్ అనలేదు.

"ఇంజిన్ ఆగింది" అన్నాను.

సన్నటి గొంతే. ఫోనులో విన్నదే.

చేతులు కదిలాయి. ముక్కు, వేగం, కుడివైపు పశువుల దారి పక్కన చదును నేల, అక్కడ దిగొచ్చు. ట్యాంకు మార్చాను, వణుకు పోలేదు. పంపు, పోలేదు. తాళంచెవి ఎడమకు తిప్పాను, మార్జరీ ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు ఊగిపోయింది. కుడికి తిప్పాను. ఎవరో చేయి వేసి ఆపినట్టు వణుకు ఆగిపోయింది. ఇంజిన్‌కు నిప్పురవ్వలు అందించేవి రెండుంటాయి, తాళంచెవి ఎటు తిప్పితే అది పనిచేస్తుంది. అందులో ఒకటి చెడింది. రెండోదానితో ఇంజిన్ మామూలుగా నడుస్తుంది. చదును నేల మీదుగా ఒక చుట్టు తిరిగి చూసుకున్నాను. వణుకు మళ్లీ రాలేదు. రేడియోలో కెల్సీవాళ్లకు చెప్పాను. దారిలో దిగగల చోట్లన్నీ చూసుకుంటూ, ఎత్తు తగ్గకుండా వెళ్లాను. నా గొంతు రేడియోలో మామూలుగానే వినిపించిందట. వాళ్లే చెప్పారు తర్వాత.

ఎనిడ్ డబ్బాను మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

"అనలేదేం?" అన్నాను. గొంతు కొంచెం పెరిగి ఉండచ్చు.

"ఆగలేదు కదా. వణికింది" అంది ఎనిడ్. "ఆగితేనే అనమన్నావు. నువ్వే అబద్ధం ఆడావు."

దించడం బాగా దించాను. ఇంతవరకూ దించినవాటిలో బాగా దించాను అనుకుంటాను. చక్రాలు నేలను తాకిన సంగతి ఎనిడ్‌కు తెలియలేదు, దిగమంటే ఇంకా దిగలేదు కదా అంది. డబ్బా మూత తీసి చూసింది. నేను కూడా తొంగి చూశాను. పసుపుపచ్చగా, ఎత్తుగా, కొత్త దిండులా ఉంది. పగల్లేదు. ఈసారి ఏది పగల్లేదో అడగనక్కర్లేదు.

ఆ తర్వాత నేను రెక్క వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. అది కూడా రాయాలి కదా.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. కాదన్నాను. ఇది కూడా దశేనా అని అడిగింది. అయ్యుండచ్చు అన్నాను. మీ నాన్న విన్నాడు, టీవీ ఆపేశాడు అంది.

మే 24

రెండో బహుమతి.

న్యాయనిర్ణేత కార్డు మీద ఇలా రాశారు: ఎత్తు చక్కగా ఉంది, మృదువుగా ఉంది, అడుగున తీగ గుర్తు ఉంది. పొయ్యిలోంచి తీసి చల్లార్చేటప్పుడు స్పాంజ్‌ను తీగల పళ్లెం మీద పెడతారు. మధ్యలో బట్ట వేయకపోతే అడుగున గీతలు పడతాయి. గీతలు పడితే మార్కులు పోతాయి. ఇక్కడ పుట్టిన ప్రతి ఆడపిల్లకీ ఇది తెలుసు, నాక్కూడా తెలుసు, నేను చేసిన స్పాంజ్‌లు పొంగకపోయినా.

అందరూ చుట్టూ చేరారు. విమానం అంత వణికాక గీతలు పడవా మరి, అన్నారు. బెరిల్ కూడా అంది, పెద్దమనసుతో, చేతిలో మొదటి బహుమతి నీలం రిబ్బను పట్టుకుని. విమానం మీదికి తోసెయ్యడానికి అంతా సిద్ధంగా ఉంది. నేను కూడా తలాడించబోయాను.

"విమానానికేం సంబంధం," అంది ఎనిడ్. "బట్ట వెయ్యడం మర్చిపోయాను. పొయ్యి వంకే చూస్తూ ఉండిపోయా."

అంతే అంది. తన స్పాంజ్ తనే కోసి అందరికీ పంచడం మొదలుపెట్టింది.

నా ముక్క కాగితం ప్లేటులో పెట్టించుకుని టీ క్యూలో నిలబడ్డాను. ముందు ఎనిడ్, తర్వాత నేను. క్లారీ ఎప్పుడు వచ్చాడో, నా వెనక చేరాడు. పొద్దుటినుంచీ మార్జరీ కింద పడుకుని పనిచేశాడని చేతులు చూస్తే తెలుస్తోంది. గొడ్డళ్ల పోటీ వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదు. క్యూ జరిగింది. టీ కప్పు అందుకోబోతున్నాను.

"ఇంజిన్ ఆగింది" అన్నాడు క్లారీ నా చెవి వెనక.

రెండు చేతులూ వెళ్లిపోయాయి. ముక్కు, వేగం, ట్యాంకు. ప్లేటు గాల్లో ఉండిపోయింది. కింద పడలేదు. ఎనిడ్ వెనక్కి తిరక్కుండానే చేయి చాపి పట్టుకుంది.

"ఎక్కడ దిగుతావు పిల్లా?"

"గొడ్డళ్ల పోటీ వెనక మైదానం."

"గాలి?"

"ఎదురు."

"సరే" అన్నాడు. ఎనిడ్ చేతిలోని ప్లేటు మీదనుంచి నా ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆకాశం వంక చూడబోయి మానుకున్నాడు. క్యూ మొత్తం ఆగింది. ఎనిడ్ ఇటు తిరిగింది.

"పొడిగా లేదు" అన్నాడు.

ఎనిడ్ ఖాళీ ప్లేటు అతని చేతిలో పెట్టింది.

"అడుగున తీగ గుర్తు ఉంది," అంది. "చూసుకోకుండా తింటావా?"

మే 25

రేపు ఉత్తరాల రూటు నాది. గాలి ఉంటుందట. పన్ను ఇప్పుడు నిజంగానే నొప్పెడుతోంది.